వరిగడ్డిని పుట్టగొడుగు ఎలా తింటుంది, దాన్ని ఇంట్లో ఎలా పెంచాలి: ఆయిస్టర్ పుట్టగొడుగుల సమగ్ర మార్గదర్శి

ఇంట్లో ఆయిస్టర్ పుట్టగొడుగులు పెంచాలని అడిగితే ఎవరైనా ఒక వరస చెప్పేస్తారు: గడ్డి నానబెట్టండి, వేడి చేయండి, విత్తనం చల్లండి, సంచి కట్టి చీకట్లో పెట్టండి. ఆ వరసలో తప్పేమీ లేదు. కానీ మొదటి సంచిలో పచ్చటి బూజు కనిపించిన రోజున అది ఏమాత్రం పనికిరాదు, ఎందుకంటే ఏ పని ఎందుకు చేస్తున్నామో అందులో ఉండదు. అందుకే ముందు ఈ ప్రాణి తన తిండి ఎలా తింటుందో, ఆ తిండిలోంచి శక్తి ఎలా తీసుకుంటుందో చెప్పి, ఆ తర్వాత పనిలోకి వెళ్తాను. ఈ మొదటి భాగాన్ని దాటేసి నేరుగా దశల్లోకి వెళ్లకండి. సగం సమస్యలకు జవాబు ఇక్కడే ఉంది.

నోరు లేని ప్రాణి తినే తీరు

మొక్కలు ఎండను వాడుకుని తమ ఆహారం తామే తయారు చేసుకుంటాయి, వాటిని స్వయంపోషకాలు అని చిన్నప్పుడే చదువుకున్నాం. అలా చేసుకోలేని మనలాంటివన్నీ పరపోషకాలు. ఈ పరపోషకాల్లో మళ్లీ ఒక్కోదానిది ఒక్కో తీరు. మేక ఆకును నమిలి మింగి లోపల అరిగించుకుంటుంది. కంచెల మీద పసుపు దారాల్లా అల్లుకునే బంగారు తీగ బతికున్న మొక్కలోకి వేళ్లలాంటివి దింపి దాని రసం లాక్కుంటుంది. పుట్టగొడుగు చచ్చిపోయిన సేంద్రియ పదార్థం మీద, అంటే ఎండుగడ్డి, రాలిన ఆకు, పడిపోయిన మాను లాంటి వాటి మీద బతుకుతుంది. ఇలా బతికేవాటిని పూతికాహారులు అంటాం. 1969లో విట్టేకర్ అనే శాస్త్రవేత్త జీవులను ఐదు రాజ్యాలుగా విభజించినప్పుడు శిలీంధ్రాలకు మొక్కల నుంచి వేరుగా ఒక రాజ్యం ఇవ్వడానికి పెద్ద కారణం ఈ తినే తీరే.

మనం కూర వండుకునే గొడుగు ఆ ప్రాణి మొత్తం కాదు, బీజాలను (స్పోర్లను) గాల్లోకి వదలడానికి అది కాసిన కాయ లాంటిది. అసలు ప్రాణి గడ్డి లోపల దాగి ఉండే తెల్లటి దారాల వల, దాన్ని మైసీలియం అంటారు. ఒక్కో దారం మిల్లీమీటరులో వందో వంతు కూడా మందం ఉండదు. ఆ దారం కొన దగ్గర పెరుగుతూ, పెరిగే చోటే ఎంజైమ్‌లను బయటికి వదులుతుంది. వరిగడ్డిలో ఎక్కువ భాగం సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, వాటిని పట్టి బిగించి ఉంచే లిగ్నిన్. సెల్యులోజ్ అంటే గ్లూకోజ్ అణువులు వరసగా గుచ్చిన గొలుసు. అందులో ఎంత శక్తి ఉన్నా మనకు అరగదు, దాన్ని తెంపే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. ఆవుకూ సొంతంగా అరగదు, దాని మొదటి పొట్టలో ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. ఆయిస్టర్ పుట్టగొడుగు మాత్రం లాకేస్, మాంగనీస్ పెరాక్సిడేస్ అనే ఎంజైమ్‌లతో లిగ్నిన్‌ను వదులు చేసి, సెల్యులేజ్‌లతో గొలుసును తెంపి, వచ్చిన చక్కెరను దారం గోడల గుండా పీల్చుకుంటుంది. లిగ్నిన్‌ను ఇంత బాగా విరగ్గొట్టగల జీవులు ప్రకృతిలో చాలా తక్కువ, అందుకే అడవిలో ఇవి లేకపోతే పడిన మాను పడినట్టే ఉండిపోతుంది.

లోపలికి వెళ్లిన గ్లూకోజ్‌ను అది ఏం చేస్తుందంటే, మన కణాలు చేసేదే చేస్తుంది. ఆక్సిజన్‌తో కలిపి మెల్లగా దహించి, కణాలు శక్తిని దాచుకుని వాడుకునే ఏటీపీ అనే అణువు రూపంలో శక్తి తీసుకుంటుంది. 180 గ్రాముల గ్లూకోజ్‌కు 192 గ్రాముల ఆక్సిజన్ వాడుకుని 264 గ్రాముల కార్బన్ డయాక్సైడ్, 108 గ్రాముల నీరు వదులుతుంది. మిగిలిన శక్తి వేడిగా పోతుంది. ఆక్సిజన్ ఉంటే ఒక్క గ్లూకోజ్ అణువు నుంచి సుమారు 30 ఏటీపీలు, ఆక్సిజన్ లేకుండా పులియబెట్టి బతికే జీవికైతే 2 మాత్రమే. ఈ అంకెలు పరీక్ష కోసం చెప్పడం లేదు. సంచిలో నీరు ఎక్కువైతే ఎందుకు పాడవుతుందో, సంచులు ఒకదాని మీద ఒకటి ఎందుకు పేర్చకూడదో చెప్పేవి ఈ అంకెలే.

ఇక అన్నిటికంటే ముఖ్యమైన మాట. అరుగుదల ఒంటి బయట జరుగుతుంది కాబట్టి, తయారైన చక్కెర కాసేపు బయటే ఉంటుంది. ఆ దగ్గర్లో ఏ బ్యాక్టీరియా ఉన్నా, ఏ బూజు ఉన్నా కష్టపడకుండా దాన్ని ఎత్తుకుపోతుంది. పుట్టగొడుగుల పెంపకంలో మనం చేసే పనంతా ఈ పోటీలో ఒకరి పక్షం వహించడమే: గడ్డి మీదికి మన శిలీంధ్రం ముందు చేరాలి, మిగతావి చేరేలోపు మొత్తం ఆక్రమించాలి. కింద చెప్పే ప్రతి దశనూ ఈ లెక్కలోనే చూడండి.

దశ 1: కాలం, రకం

ఏపీ, తెలంగాణల్లో మొదటిసారి మొదలుపెట్టేవాళ్లకు వానలు పడ్డాక జులై, ఆగస్టు నుంచి ఫిబ్రవరి దాకా అనువైన కాలం. తెల్ల ఆయిస్టర్ (ఫ్లోరిడా), బూడిద రంగు ఆయిస్టర్ (సాజర్ కాజు) రెండూ 20 నుంచి 30 డిగ్రీల మధ్య బాగా వస్తాయి. ఏప్రిల్, మే ఎండల్లో వీటితో కుస్తీ పట్టకండి. ఆ నెలల్లో చేయాలనిపిస్తే 30–35 డిగ్రీల్లో కాసే పాల పుట్టగొడుగు ఉంది, కానీ దానికి పైన మట్టి పొర వేయాలి, ఆ పద్ధతి వేరు. బజారులో ఎక్కువగా దొరికే బటన్ పుట్టగొడుగు ఇంకా వేరు, దానికి ప్రత్యేకంగా మాగబెట్టిన కంపోస్టు, కాపు దశలో 18 డిగ్రీల లోపు చల్లదనం కావాలి, మామూలు ఇంట్లో కుదరదు. ఆయిస్టర్‌కు ఆ బాధ లేదు, గడ్డిని కంపోస్టు చేయకుండా నేరుగా తినేస్తుంది. జర్మనీలో మొదటి ప్రపంచ యుద్ధపు రోజుల్లోనే దీన్ని మొద్దుల మీద పెంచడం మొదలుపెట్టారంటే ఆ సులువు వల్లే.

దశ 2: గడ్డి, విత్తనం

గడ్డి ఈ ఏటిదై ఉండాలి, బంగారు రంగులో గలగలమంటూ ఉండాలి. వానకు తడిసి నల్లబడిన గడ్డి, గడ్డివాము అడుగున ముక్కిన గడ్డి ఎంత ఉచితంగా వచ్చినా తీసుకోవద్దు, ఎందుకంటే దాన్ని ఇప్పటికే వేరే బూజులు తినడం మొదలుపెట్టాయి. కోతకు ముందు తెగులు మందు కొట్టిన పొలం గడ్డి కూడా వద్దు. తెగులు మందు అంటే శిలీంధ్రాలను చంపే మందే కదా, మనం పెంచబోయేదీ శిలీంధ్రమే. హార్వెస్టర్‌తో కోసిన గడ్డి నలిగిపోయి ఉంటుంది, దొరికితే చేత్తో కోసిన గడ్డి మేలు. వరిగడ్డి దొరకని చోట జొన్న చొప్ప, గోధుమ గడ్డి, ఎండబెట్టిన చెరకు పిప్పి కూడా వాడొచ్చు, పద్ధతి ఇదే.

విత్తనం అంటే ఉడికించి శుద్ధి చేసిన జొన్న గింజలు లేదా గోధుమల మీద పెంచిన మైసీలియం, దీన్నే స్పాన్ అంటారు. వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో, కొన్ని కృషి విజ్ఞాన కేంద్రాల్లో అడిగితే దొరుకుతుంది. ముందే ఫోన్ చేసి కనుక్కోండి, చాలాచోట్ల ఆర్డరు పెడితేనే తయారు చేస్తారు. కొనేముందు ప్యాకెట్టును వెలుతురులో పెట్టి చూడండి: గింజల మీద తెల్లటి నూగు అంతటా సమానంగా పట్టి ఉండాలి. ఎక్కడైనా పచ్చ, నలుపు, పసుపు మచ్చ ఉంటే, అడుగున నీరు చేరి ఉంటే, పులిసిన వాసన వస్తుంటే ఆ ప్యాకెట్టు వద్దు. నెలలోపు తయారైనది అయితే జోరుగా పాకుతుంది. వెంటనే వాడలేకపోతే ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో మాత్రం కాదు.

ఒక్కో సంచికి కిలో ఎండుగడ్డి లెక్కేసుకోండి. అది నానాక మూడు కిలోలు దాటుతుంది. విత్తనం తడిగడ్డి బరువులో 3–4 శాతం, అంటే సంచికి సుమారు 100 నుంచి 130 గ్రాములు. మొదటిసారి కాస్త ఎక్కువే వేయండి. గింజలు ఎక్కువ ఉంటే దారాలు ఎక్కువ చోట్ల నుంచి ఒకేసారి బయల్దేరతాయి, గడ్డి త్వరగా మన చేతికి వస్తుంది. బలానికని తవుడు, శనగపిండి కలపమని కొందరు చెప్తారు. మొదట్లో ఆ పని చేయొద్దు. వరిగడ్డిలో కార్బన్ బోలెడు, నత్రజని చాలా కొద్ది. ఆ పేదరికమే మనకు రక్ష, ఎందుకంటే మామూలు బూజులకు అది చాలదు, ఆయిస్టర్‌కు చాలుతుంది. తవుడు కలిపారంటే వాటికీ విందు పెట్టినట్టే. ఇంత తక్కువ నత్రజనితో ఇది ఎలా నెట్టుకొస్తుందన్నదానికి ఆశ్చర్యం కలిగించే సంగతి ఒకటుంది: 1984లో థోర్న్, బ్యారన్ అనే శాస్త్రవేత్తలు ఆయిస్టర్ జాతి శిలీంధ్రాలు కంటికి కనిపించని నులిపురుగులను విషంతో పడగొట్టి, వాటి ఒంట్లోకి దారాలు పంపి తినేస్తాయని చూపించారు. కుళ్లే కర్ర మీద దొరకని నత్రజనిని అలా సంపాదించుకుంటుందన్నమాట.

దశ 3: నానబెట్టడం, వేడి చేయడం

గడ్డిని 3–5 సెంటీమీటర్ల ముక్కలుగా కోయండి. కత్తిపీటతో కోసినా చాలు, ఎక్కువైతే చాఫ్ కట్టర్. ముక్కలు చేయడం వల్ల సంచిలో బిగుతుగా సర్దుకుంటాయి, కాడ లోపలి వైపు కూడా దారాలకు అందుతుంది. కోసిన గడ్డిని గోనె సంచిలో వేసి మూతి కట్టి శుభ్రమైన నీళ్లలో రాత్రంతా, అంటే 8 నుంచి 12 గంటలు ముంచి ఉంచండి. పైకి తేలకుండా బరువు పెట్టాలి. వరికాడ పైన మైనం పూతలాంటి పొర ఉంటుంది, నీరు వెంటనే ఇంకదు, అందుకే ఇంతసేపు. ఉదయానికి నీళ్లు టీ రంగులోకి మారతాయి. గడ్డిలో సులువుగా కరిగే చక్కెరలు కొంత ఆ నీళ్లలోకి దిగిపోతాయి. అది మంచిదే, మామూలు బూజులు ముందు ఎగబడేది వాటి మీదే. ఆ నీళ్లు పారబోసి గడ్డిని మరోసారి కడగండి.

ఇప్పుడు పెద్ద డేగిసాలోనో పాత డ్రమ్ములోనో నీళ్లు కాచి, గడ్డి సంచిని అందులో పూర్తిగా మునిగేలా దించి, 70 నుంచి 80 డిగ్రీల మధ్య ఒక గంట ఉంచాలి. థర్మామీటర్ కొనుక్కుంటే టెన్షన్ ఉండదు. లేకపోతే గుర్తు ఏమిటంటే, నీళ్లు అడుగు నుంచి చిన్న చిన్న బుడగలు వదులుతూ ఆవిరి బాగా వస్తుండాలి, కానీ తెర్లకూడదు. సంచి మధ్యలో గడ్డి వేడెక్కడానికి సమయం పడుతుంది కాబట్టి గంట లెక్క గడ్డి వేసిన వెంటనే మొదలుపెట్టకండి, నీళ్లు మళ్లీ ఆ వేడికి వచ్చాక మొదలుపెట్టండి.

గంటలకొద్దీ మరగబెడితే ఇంకా శుభ్రం కదా అని అనిపిస్తుంది. ఈ వేడి ఉద్దేశం గడ్డిలోని ప్రతి జీవినీ చంపడం కాదు. బూజులు, వాటి బీజాలు, పురుగుల గుడ్లు ఎక్కువగా ఈ వేడికి పోతాయి. వేడిని తట్టుకునే కొన్ని బ్యాక్టీరియాలు మిగులుతాయి, అవి ఆయిస్టర్‌కు పెద్దగా అడ్డు రావు, పైగా ఖాళీగా ఉన్న జాగాలోకి కొత్త బూజులు దూరకుండా కొంత అడ్డుకుంటాయి. పూర్తిగా శుద్ధి చేసేస్తే గడ్డి కాపలా లేని గింజల గాదె అవుతుంది. మన వంటింటి గాల్లోంచి మొదట వచ్చి పడిన బూజుదే రాజ్యం.

కార్బెండజిమ్, ఫార్మాలిన్ అనే రసాయనాలు కలిపిన నీళ్లలో గడ్డి నానబెట్టే పద్ధతి కూడా మన దగ్గర బాగా వాడుకలో ఉంది, పెద్ద ఎత్తున చేసేవాళ్లకు వంటచెరకు ఖర్చు కలిసొస్తుందని. ఇంట్లో తినడానికి పెంచుకునేవాళ్లకు నేనైతే వద్దంటాను. ఫార్మాలిన్ ఆవిరి కళ్లకు, ఊపిరితిత్తులకు మంచిది కాదు, పిల్లలు తిరిగే ఇంట్లో దానితో పని పెట్టుకోవద్దు. వేడినీళ్లు చాలు.

దశ 4: తడి చూసుకోవడం

వేడి నీళ్లలోంచి తీసిన గడ్డిని శుభ్రమైన వెదురు జల్లెడ మీదో, వాలుగా పెట్టిన ప్లాస్టిక్ పట్టా మీదో పరిచి నీరు ఓడనివ్వాలి. పట్టాను ముందే డెట్టాల్ నీళ్లతో తుడవండి. ఈ పని ఫ్యాన్ కింద చేయొద్దు, దుమ్ముతో పాటు బూజు బీజాలూ వచ్చి పడతాయి.

ఎంత తడి ఉండాలన్నది చేత్తో తెలుసుకోవాలి. గుప్పెడు గడ్డి తీసుకుని గట్టిగా పిండండి. వేళ్ల సందుల్లోంచి నీరు ధారగా కారితే ఇంకా ఆరాలి. ఒకటి రెండు చుక్కలు తొంగిచూసి ఆగిపోయి, గుప్పిట తెరిస్తే అరచేయి తడితడిగా మెరుస్తూ ఉంటే సరిపోయింది, అది సుమారు 65–70 శాతం తేమ. అరచేయి పొడిగా ఉంటే ఎక్కువ ఆరిపోయినట్టు, కాచి చల్లార్చిన నీళ్లు కొద్దిగా చిలకరించండి. ఈ పరీక్షను తేలిగ్గా తీసుకోవద్దు. ఎంజైమ్‌లు పనిచేయాలంటే గడ్డి మీద పల్చటి నీటి పొర ఉండాలి, ఎండిన కాడను ఏ శిలీంధ్రమూ తినలేదు. అలాగని కాడల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే గాలి ఆడదు. గాలి ఆడకపోతే మన శిలీంధ్రం నీరసిస్తుంది, ఆక్సిజన్ లేకుండా బతకగలిగే బ్యాక్టీరియాలు పుంజుకుంటాయి, మూడో రోజుకల్లా సంచి అడుగున పులిసిన కుడితి వాసన వస్తుంది. నేను చూసినంతవరకు కొత్తవాళ్ల సంచులు పాడవడానికి మొదటి కారణం ఈ ఎక్కువ నీరే.

దశ 5: సంచి నింపడం

గడ్డి పూర్తిగా చల్లారి గది వేడికి రావాలి. గోరువెచ్చగా ఉన్నా ఆగండి, వేడికి విత్తనంలోని దారాలు చచ్చిపోతాయి. 12 అంగుళాల వెడల్పు, 24 అంగుళాల పొడవున్న పాలిథిన్ కవరు తీసుకుని అడుగు మూలలు కలిపి పురికొసతో కట్టి లోపలికి తిప్పితే అడుగు గుండ్రంగా వస్తుంది. చేతులు సబ్బుతో కడుక్కుని స్పిరిట్ రాసుకోండి, గోళ్ల సందులు కూడా. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు బూజు వచ్చాక ఎంత శుభ్రం చేసినా లాభం లేదు, శుభ్రమంతా ఈ గంటలోనే.

విత్తనం ప్యాకెట్టును తెరవకముందే పైనుంచి వేళ్లతో నలిపి గింజలు విడిపోయేలా చేయండి. కవరులో మూడు అంగుళాల గడ్డి వేసి అరచేత్తో అదిమి, అంచు వెంబడి గుండ్రంగా విత్తనం చల్లి, మళ్లీ గడ్డి, మళ్లీ విత్తనం, ఇలా నాలుగైదు పొరలు. అంచు వెంబడే ఎందుకంటే పక్కన చేసే రంధ్రాల నుంచి గాలి ముందు అక్కడికే అందుతుంది, బూజు వచ్చేదీ అక్కడి నుంచే. పై పొర మీద మాత్రం మొత్తం పరచండి. గాలి బుడగలు లేకుండా అదిమి మూతి కట్టేసి, స్పిరిట్‌తో తుడిచిన మేకుతో చుట్టూ 10–15 రంధ్రాలు పెట్టండి. సంచి మీద తేదీ రాసి పెట్టుకోండి.

దశ 6: చీకటి గది

ఇక్కడి నుంచి 15–20 రోజులు మీరు చేయాల్సిన పని దాదాపు లేదు, సంచిని విప్పి చూడకుండా ఉండటం తప్ప. ఎండ తగలని, మసక చీకటిగా ఉండే గదిలో, 25–28 డిగ్రీల దగ్గర, సంచులను తాడుతో వేలాడదీయండి లేదా అరల మీద దూరదూరంగా పెట్టండి. నీళ్లు చల్లక్కర్లేదు.

రెండు మూడు రోజులకు టార్చి వేసి కవరు దగ్గరగా చూడండి. ప్రతి గింజ చుట్టూ తెల్లటి నూగు లేచి, పక్కనున్న గడ్డికాడను పట్టుకుని ఉంటుంది. వారానికి ఒక గింజ నుంచి వచ్చిన వల పక్క గింజ వలతో కలిసిపోతుంది, ఎక్కడ ఏది మొదలైందో గుర్తుపట్టలేం. కవరు లోపలి వైపు నీటి బొట్లు కడతాయి. అందులో గడ్డి తేమ ఆవిరై చేరింది కొంత, గ్లూకోజ్‌ను దహించినప్పుడు శిలీంధ్రం ఒంట్లోంచి వచ్చిన నీరు కొంత. సంచి మీద చేయి వేస్తే గది కంటే వెచ్చగా తగులుతుంది. ఆ వేడి వల్లే సంచులను మూటల్లా పేర్చకూడదు: గది 27 ఉంటే కుప్ప మధ్యలో సంచి 35 దాటిపోవచ్చు, 40కి చేరితే దారాలు చచ్చిపోతాయి. వేడి ఎక్కువనిపిస్తే సంచుల మధ్య ఎడం పెంచండి, నేల మీద నీళ్లు చల్లి గది చల్లబరచండి.

ఈ రోజుల్లో సంచి లోపల కార్బన్ డయాక్సైడ్ బాగా పేరుకుంటుంది. దారాలకు దానితో ఇబ్బంది లేదు, కర్ర లోపల బతికే ప్రాణికి అది అలవాటే. ఈ తేడాను గుర్తుపెట్టుకోండి, వచ్చే దశ మొత్తం దీని మీదే నడుస్తుంది.

దశ 7: సంచి విప్పడం, కాపు

గడ్డి కనిపించకుండా సంచి మొత్తం తెల్లగా అయి, చేత్తో నొక్కితే దిమ్మెలా గట్టిగా తగిలినప్పుడు విప్పాలి. కొద్దిగా గడ్డి రంగు కనిపిస్తున్నా ఇంకో మూడు రోజులు ఆగండి, ఆ ఖాళీలోకే బూజు వచ్చేది. కవరును బ్లేడుతో నిలువుగా చీల్చి మొత్తం తీసేయొచ్చు. గాలి పొడిగా ఉండే హైదరాబాద్, అనంతపురం లాంటి చోట్ల అయితే తీసేయకుండా చుట్టూ అంగుళంన్నర పొడవు గాట్లు పెట్టడం మంచిది, దిమ్మె ఎండిపోదు.

ఇప్పుడు దానికి కాలం మారిందని తెలియాలి. తాజా గాలి తగలాలి, పేపరు చదవగలిగేంత వెలుతురు రోజుకు కొన్ని గంటలు పడాలి, గాల్లో తేమ 80–90 శాతం ఉండాలి. తిండి దొరికినంత కాలం దాగి పెరిగిన శిలీంధ్రం, కొత్త గాలి తగిలేసరికి బయటికి వచ్చానని గ్రహించి బీజాలు వదిలే పనికి దిగుతుంది. నాలుగు నుంచి ఆరు రోజుల్లో ఆవగింజంత మొగ్గలు గుంపుగా కనిపిస్తాయి. రోజుకు రెండు మూడు సార్లు సన్నటి పొగమంచులా పడే స్ప్రేయర్‌తో గోడలకు, గాలికి, వేలాడదీసిన తడి గోనెపట్టాలకు కొట్టండి. మొగ్గల మీద నేరుగా నీరు నిలవనివ్వకండి, పసుపుపచ్చగా మారి కుళ్లిపోతాయి.

గాలి సరిపోతోందో లేదో పుట్టగొడుగే చెప్తుంది. కాడలు పొడుగ్గా సాగి గొడుగులు బొత్తాల్లా చిన్నగా ఉండిపోతే కార్బన్ డయాక్సైడ్ ఎక్కువైందని, కిటికీ తెరవాలని అర్థం. గొడుగుల అంచులు ఎండి చీలుతుంటే తేమ తక్కువ. రెండూ ఒకేసారి సరిచూసుకోవడమే ఈ దశలో అసలు కష్టం, ఎందుకంటే కిటికీ తెరిస్తే తేమ పోతుంది. కిటికీకి తడిగుడ్డ వేలాడదీయడం చాలామందికి సరిపోతుంది.

దశ 8: కోత, వంట

మొగ్గ వచ్చిన మూడు నాలుగు రోజుల్లో గుత్తి కోతకు వస్తుంది. చివరి రోజు ఉదయానికీ సాయంత్రానికీ సైజు తేడా కంటికే తెలుస్తుంది. గొడుగు అంచు ఇంకా కిందికి వంగి ఉండగానే, విచ్చుకుని పైకి తిరగకముందే కోయాలి. అంచు పైకి తిరిగిందంటే బీజాలు రాలడం మొదలైంది, రుచి తగ్గుతుంది, గదిలో తెల్లటి పొడిలా పేరుకుంటుంది. ఆ బీజాలు పీలిస్తే కొందరికి దగ్గు, ఆయాసం, జ్వరంలాంటి ఎలర్జీ వస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లు ఈ గదిలోకి మాస్కు లేకుండా వెళ్లొద్దు, పడకగదిలో మాత్రం ఎవరూ పెంచొద్దు. గుత్తిని మొదట్లో పట్టుకుని మెల్లగా తిప్పుతూ లాగితే మొత్తం వస్తుంది. మొదళ్లు మిగిలితే గీకేయండి, కుళ్లితే ఈగలు చేరతాయి.

వారం పది రోజులకు రెండో కాపు, తర్వాత మూడోది వస్తాయి, ఒక్కోసారి తగ్గుతూ. మూడు కాపులూ కలిపి కిలో ఎండుగడ్డికి అర కిలో నుంచి కిలో దాకా పచ్చి పుట్టగొడుగులు రావడం మామూలు. అందులో 90 శాతం నీరే కాబట్టి 700 గ్రాములు వచ్చాయంటే పొడి లెక్కలో 70 గ్రాములు. మరి కిలో గడ్డి ఏమైంది? కొంత దారాలుగా మారింది, కొంత అరగకుండా మిగిలింది, చాలా భాగం ఆ ప్రాణి బతకడానికి ఖర్చయి కార్బన్ డయాక్సైడ్, నీరు, వేడిగా గదిలో కలిసిపోయింది. మేకకు మేసిన మేతంతా మాంసం కానట్టే ఇదీ.

పచ్చిగా తినొద్దు, బాగా ఉడికించాలి. వీటి కణాల గోడ కైటిన్‌తో కట్టినది, పీతల పెంకులో ఉండే పదార్థమే, వేడి తగిలితేనే మనకు కాస్త లొంగుతుంది. ఎక్కువ వచ్చినప్పుడు చీల్చి, గొడుగు కింది మడతలు పైకి ఉండేలా ఎండలో ఆరబెట్టండి. వాటిలోని ఎర్గోస్టెరాల్ అనే పదార్థం ఎండకు విటమిన్ డి2గా మారుతుంది. ఒక హెచ్చరిక కూడా: పెరట్లోనో పొలం గట్టునో తనంతట తాను మొలిచింది ఇలాగే ఉంది కదా అని కోసి వండకండి, విషపువి కూడా తెల్లగా అందంగానే ఉంటాయి.

తేడా వచ్చినప్పుడు

పచ్చటి మచ్చ అంటే ట్రైకోడెర్మా. పొలంలో తెగుళ్ల మీద వాడే మంచి శిలీంధ్రమే, ఇక్కడ మాత్రం మన ఆయిస్టర్ దారాల మీదే దాడి చేస్తుంది. చిన్న మచ్చ అయితే ఉప్పు అద్ది కాగితం అంటించి సంచిని వేరే గదిలో పెట్టి చూడొచ్చు, అరచేయంత ఉంటే సంచిని విప్పకుండానే ఇంటికి దూరంగా తీసుకెళ్లి పాతిపెట్టండి. గడ్డికి వేడి చాలకపోవడం, విత్తనం ముసలిదవడం, చేతుల శుభ్రం, ఈ మూడిట్లో ఏదో ఒకటి కారణం.

సన్నటి కాడతో లేచి ఒకట్రెండు రోజుల్లో నల్లటి సిరాలా కారిపోయే గొడుగులు వస్తే గడ్డిలో నత్రజని ఎక్కువైందనో, పేడ తగిలిందనో, వేడి సరిగా పట్టలేదనో అర్థం. పీకేయండి, మిగతా సంచి చాలాసార్లు నిలబడుతుంది. చిన్న నల్ల ఈగలు ముసిరితే కిటికీలకు సన్నటి నైలాన్ వల కట్టండి, ఆముదం రాసిన పసుపు అట్టలు వేలాడదీయండి. సంచుల మీద పురుగు మందు మాత్రం కొట్టకండి, మీరు తినేది దాన్నే.

వారం దాటినా గింజల నుంచి దారాలు కదలకపోతే గడ్డి వేడిగా ఉండగానే విత్తనం వేశారేమో, లేక అది మందు కొట్టిన గడ్డేమో చూసుకోండి.

మిగిలిన గడ్డి

మూడు కాపుల తర్వాత దిమ్మె తేలికైపోయి, చేత్తో నలిపితే పొడి పొడి అవుతుంది. లిగ్నిన్ బిగింపు సడలిపోయింది కాబట్టి వానపాములకు ఇది మంచి మేత. వర్మీకంపోస్టు తొట్టిలో పేడతో కలిపి వేస్తే మామూలు గడ్డి కంటే చాలా ముందుగా ఎరువు అవుతుంది. కుండీల్లో మొక్కల చుట్టూ పరిచినా సరే, వాన పడితే అందులోంచే మరో గుత్తి రావచ్చు. బూజు లేని, మందులు వాడని దిమ్మె అయితే పశువులకు కూడా కొద్దికొద్దిగా వేయొచ్చు. పచ్చ మచ్చ ఉన్నది మాత్రం పశువు ముందు పెట్టకండి.

పాత దిమ్మెలను కొత్త సంచులున్న గదిలో ఒక్క రోజు కూడా ఉంచొద్దు. గది ఖాళీ చేసి, గోడలకు సున్నం వేసి, నేలను బ్లీచింగ్ పౌడర్ నీళ్లతో కడిగి, రెండు రోజులు కిటికీలు తెరిచి ఆరనిచ్చి, ఆ తర్వాతే మళ్లీ గడ్డి నానబెట్టండి.